తరుగు

నిమ్మకాయ ధర పడిపోయి
పొదలకూరు మార్కెట్టు మూడు రోజులు మూతపడితే
కాటా మీద గోనెపట్టా కప్పి
జిలానీ ఆటో ఎక్కాను.
సంచిలో రెండు చొక్కాలు, సేరు బియ్యం,
గాలాల పొట్లం.
"యాడికి?" అంది మా ఆవిడ.
"కండలేరుకి. చేపకి."
"అంగట్లో దొరకదా?"
దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

రాపూరు దాటాక రోడ్డు సన్నబడింది.
వెలిగొండలు దగ్గరికొచ్చి
మా మాటల్ని మెల్లగా తగ్గించాయి.
ఫోన్లో గీతలు ఒక్కొక్కటే రాలిపోయాయి.

నీళ్ల అంచున పుట్టి, పుట్టి పక్కన చెంబేటి మానెమ్మ.
సంతలో ఎద్దుల్ని చూసినట్టు
మా ఇద్దర్నీ కాళ్ల నుంచి పైకి చూసింది.
"వాలుగ కావాలంటే అరవగూడదు.
గమ్మునుంటే అదే వస్తాది."

మొదటి రోజు గమ్మునున్నాం. రాలేదు.
రెండో రోజు గమ్మునుండలేక జిలానీ
ఒడ్డున కూర్చుని ఆటో సీటు కుట్టుకున్నాడు.
ఆ రాత్రి బండ మీద పడుకుంటే
నీళ్లలో ఎవరో పెద్దగా గుటక వేసిన చప్పుడు.
"అదే" అంది చీకట్లోంచి మానెమ్మ.

మూడో రోజు,
ఎండ ఇంకా కొండ కొసలకే తగిలిన వేళ,
బతికున్న కప్పని గాలానికి గుచ్చి
మునిగిన తుమ్మచెట్ల మధ్య వదిలాం.
దారం ఊరికే ఉంది.
ఊరికే ఉంది.
తర్వాత నా చెయ్యి నాది కాదు.

లాగడం కాదది,
కింద ఎవరో తలుపు మూసి గడియ వేసినట్టు.
పుట్టి చేటలా గిర్రున తిరిగింది,
కొండలు మా చుట్టూ పరుగెత్తాయి.
"ఇడువు! దారం ఇడువు! పోనీ దాన్ని, పోనీ!
ఇప్పుడు లాగబ్బయా, ఇప్పుడు!"
వేలు తెగిందని
దారం ఎర్రబడ్డాక తెలిసింది.
ఎంతసేపో తెలీదు. ఒడ్డున జిలానీ లెక్క ప్రకారం
రెండు బీడీలు, మూడోది సగం.

ముందు మీసాలొచ్చాయి. తర్వాత నోరు.
నోరు అయిపోయిందనుకుంటే ఇంకా నోరే.
పొలుసు లేని ఒళ్లు, తడిసిన తగరపు రేకు,
నిలబెడితే నా రొమ్ముదాకా వచ్చేంత.
ఆడవాళ్ల కళ్లని వాలుగలతో పోల్చిన పెద్దలు
దీని కన్ను చూసి ఉండరు:
కందిగింజంత, చల్లగా.
నన్ను చూసి, నా వెనక కొండని చూసి
రెంటికీ తేడా లేనట్టు ఊరుకుంది.

"ఎన్ని కిలోలు?"
జిలానీ మొలలోతు నీళ్లలోకి వచ్చేశాడు.
కాటా మనిషిని నేను. పదిహేడేళ్లు.
బస్తా చేత్తో ఎత్తి
పావు కిలో తేడాలో చెప్పగలను.
ఎత్తాను. అంకె రాలేదు.
చేతులు ఇంకా వణుకుతున్నాయి,
వణికే ముల్లు చూసి తూకం చెప్పకూడదని
రైతులకి రోజూ చెప్పేది నేనే.

మానెమ్మ కోసింది.
కడుపులో అరచెయ్యంత జెల్ల, మా కప్ప,
తుప్పు పట్టిన ఒక పాత గాలం.
దాన్ని కడిగి, వెలుతురుకి తిప్పి చూసి
కొంగుకి గుచ్చుకుంది.
"నాదే ఇది. పోయినేడు తెంపుకోని పోయింది.
సగం చేప నాది."
నడిమికి కత్తి పెట్టి ఒక్క వేటు.
రెండు ముక్కలూ చేతుల్లోకి తీసుకుని చూశాను.
తేడా దొరకలేదు.

సోమవారం టీకొట్టు దగ్గర పన్నెండు కిలోలన్నాను.
మధ్యాహ్నానికి పదిహేను.
సాయంత్రం హమాలీ వీరరాఘవులు
ఎవరికో పద్దెనిమిదని చెబుతుంటే విన్నాను.
కాదనలేదు.
బస్తాకి రెండు కిలోల తరుగు రాసే చెయ్యి
ఇన్నాళ్లకి ఒకచోట కలిపింది.

కానీ ఆ పొద్దున, టీకి ముందు,
మొదటి బస్తా దించినప్పుడు
చితికిన నిమ్మకాయ రసం తెగిన వేలికి తగిలింది.
దారం మళ్లీ బిగిసింది.
ముల్లు నిలబడేదాకా ఆగాను,
రోజూ ఆగేదానికంటే ఎక్కువసేపు.
రైతు నా మొహం వైపే చూస్తున్నాడు.
తరుగు గడిలో
ఒకటిన్నర రాశాను.