పిడుదు సాక్ష్యం

పోయేముందే చెప్పింది ముత్తక్క:
పాంటు అంచులు మేజోళ్లల్ల దోపుకో,
మడిమెలకు కానుగ నూనె రాయి,
మోకాళ్ల ఎనక మరువకు,
గడ్డి మీద నడుం వాల్చకు.

జోగయ్య నవ్విండు.
"పందికి లేని భయం నాకెందుకే?"

తెల్లారి తాడ్వాయి మంచులకెల్లి వచ్చిండు
ఉత్త చేతులు, నోటి నిండ కథ.
జంపన్నవాగు దాటిన గిట్టల అడుగులు,
బురదల పొర్లిన జాగ,
ఈటె అందేటంత దూరంల
తప్పిపోయిన మొగపంది.

ఆమె ఏమనలే.
పొయ్యికాడ కూసోబెట్టి
సెల్ లైటు చెవి ఎనక పట్టి
ముల్లు తీసే చిమ్టతోని
తల తెగి లోపల ఉండిపోకుండ
మెల్లగ గుంజింది.
ఒకటి, గాసునూనె మూతలకు.
ఇంకోటి.
చంకలది మాత్రం
శెనగగింజంత ఉబ్బి, బూడిద రంగు.
దాన్ని అరచేతిల తిప్పి తిప్పి చూసింది.

"ఇది అడవిది గాదు.
బర్రె చెవుల పిడుదు.
రాత్రి ఎవరి కొట్టంల పన్నవ్?"

పొయ్యిల కట్టె చిటపటమన్నది.
జోగయ్య మెడ గీరుకున్నడు.
"చలి పెట్టిందే.
తండాల గుగులోతోళ్ల దుడ్డె పక్కకు
జర ఎచ్చగుండె."

నూనె సీసా మూత బిగించి
ఆయన సంచిల ఏసింది:
"ఈసారి పోతే
దుడ్డెకు గుడ రాయి."