ఆరు అంకెలు

పరకాల తొవ్వల, జిన్నింగు మిల్లు గేటు ముంగట
మా ట్రాలీ ఆగి రెండో పొద్దు.
పత్తి మీద పరదా, పరదా మీద మంచు.
తేమ పన్నెండు దాటితె మర్లగొడ్తరని
సరోజన రాత్రంత తుడుస్తనే ఉన్నది
నా పాత లుంగితోటి.

తెల్లారినంక కిటికీల పిలగాడు
కంప్యూటర్ల సూసుకుంట పిలిచిండు:
"జనార్దన్ రావు!"
ఎవలూ పలుకలే.
"జనార్దన్ రావు ఉన్నడా, పోయిండా?"
సరోజన మోచేతితోటి నా డొక్కల పొడిచింది.
"ఆఁ, ఉన్న సారూ" అన్న.

మా అవ్వ పెట్టిన పేరు కొమ్మాలు.
కొమ్మాల జాతరకు మొక్కితె పుట్టిన్నట.
ఆ పేరు నిండుగ, వంకర లేకుంట
రాసున్న బుక్కు ఒక్కటే ఉన్నది,
పురుగుమందుల షాపుల, బాకీల బుక్కు.

"ఓటీపీ చెప్పు."
అది నా ఫోనుకు రాదు.
హన్మకొండల, నయీంనగర్ల, మూడో అంతస్తుల
ఛార్జింగు పెట్టిన ఫోనుకు వస్తది.
వచ్చి పది నిమిషాలకు సచ్చిపోతది.
చేస్తున్న. మోగుతున్నది.
మోగుతున్నది.

ఏడేండ్ల కింద ఉగాది పొద్దున
ఎకరానికి పన్నెండువేలని మాట్లాడుకున్నం.
కాయితం లేదు. మాట.
రాళ్ళ చెలక. మొదటేడు గుంటుక దిగితె
పండ్లు కొరికినట్టు సప్పుడు.
ఎండకాలమంత ఏరినం, బొంతసంచుల మోసినం,
ఒడ్డు మీద నా ఎత్తు గుట్టయింది.
సరోజన కాలిబొటనవేలి గోరు
ఆ గుట్టల్నే యాడనో ఉన్నది.

మొన్నటేడు రాళ్ళవాన పడ్డది.
సార్లొచ్చి ఫోటువలు దిగిండ్రు,
విరిగిన చెట్లను నన్ను పట్టుకొమ్మన్నరు.
పట్టుకున్న.
దెబ్బ నాకు తాకింది, మందు ఆయనకు రాసిండ్రు.
చెడ్డోడేం గాదు. పండుగకు పాత అంగీలిస్తడు.
ఫోన్ చేస్తె "ఏం కొమ్మాలూ, పంటెట్లున్నది" అంటడు,
పంట ఆరోగ్యం ముందు, నాది తర్వాత.

నాలుగోసారికి ఎవలో చిన్నపిల్ల ఎత్తింది.
"తాత స్నానం చేస్తుండు."
"బిడ్డా, ఫోన్ల ఆరు అంకెలు వచ్చినై, సదువుతవా?"
సదివింది. ఫోరు, నైను, ఇంకేందో.
దాని ఇంగిలీషును సరోజన తెలుగు జేస్తుంటె
అరచేతిల రాసుకున్న, పక్క ట్రాలీ అతని పెన్నుతోటి.
ఆఖరి అంకె చెప్పి ఆగింది పిల్ల.
"మీరెవరు?"

కిటికీ ఇంటున్నది.
ఎనుక బండ్లు హారన్లు కొడ్తున్నయి.
ఇక్కడ అందరికెరుకే, ఎవలు ఎవలని.
అయినా నోరు రాలే.
కొమ్మాలునంటె ఈ పత్తి ఎవలిదైతది?
జనార్దన్ రావునంటె ఆ పిల్లకు తాతనైత.
"చెప్పుండ్రి, మీరెవరు?"
ఫోను పెట్టేసిన.

పద్నాలుగు క్వింటాళ్ళ అరవై కిలోలు.
చిట్టీ ఇచ్చిండ్రు, ఆయన పేరు మీద.
పైసలు ఆయన ఖాతల పడ్తయి,
కౌలు పట్టుకోని మిగిలింది పంపుతడు,
యాది చేయాలె రెండుసార్లు, గొంతు తగ్గించి.

ఖాళీ ట్రాలీల కూసోని వస్తున్నం.
సరోజన కొప్పుల ఇరుక్కున్న పత్తి పువ్వు
తీసి చూసింది అటూ ఇటూ.
"గిదెవల పేరు మీదున్నదో" అని
ఒక్కతే నవ్వి,
ఒత్తికైతదని బొడ్ల చెక్కుకున్నది.

నా అరచేతిల అంకెలు
చెమటకు కలిసిపోయి
ఒక్క తొమ్మిదే మిగిలింది.
ఎటు తిప్పితె అటు,
ఆరు లెక్కనూ కనవడ్తున్నది.