గేటు మీద పెన్కా

ఇరవై ఆరేళ్లు సోఫియాలో ట్రాము తోలితే
ఆఖరికి చేతిలో మిగిలినదానికి
కొండల వెనక ఒక మట్టిగోడల ఇల్లొచ్చింది.
సగానికే కప్పుంది.
మిగతా సగం అక్రోటు చెట్టు కప్పుతోంది.

"కారుచౌక" అన్నాడు నోటరీ, ముద్ర మీద ఊదుతూ.
తాళంచెవి నా అరచేతికన్నా పొడుగు.
అది తిప్పేలోపే తలుపు ఊడి చేతికొచ్చింది.

మొదటి రాత్రి వంటగదిలో, కోటు కప్పుకుని పడుకున్నాను.
గిన్నెలో చినుకు టంగుమన్నప్పుడల్లా
నిద్రలో నా కుడికాలు బ్రేకు తొక్కింది.
ఎవరూ దిగలేదు. ఎవరూ ఎక్కలేదు.

శనివారాలు అక్క కొడుకు ప్లామెన్ వచ్చేవాడు.
వాడు సిమెంటు బస్తాలు దింపుతుంటే
పక్కింటి దోబ్రి తాత కంచె మీదికి వంగి
"మట్టిగోడకి అది పూస్తే ఊపిరాడదు" అన్నాడు.
"గోడక్కూడా ముక్కుంటుందా తాతా?"
"నీకుందిగా. కొనేటప్పుడు ఆ బూజు వాసన తెలిసిందా?"
బస్తాలు వెనక్కెళ్లాయి.
బంకమన్ను, గడ్డి, గాడిద పేడ కలిపి
మోకాళ్ల దాకా దిగి తొక్కాను.
పెడలు తప్ప ఎరగని కాళ్లు,
ఈ వయసులో వాటికి మెత్తటి పని దొరికింది.

జూన్‌లో గేటు దగ్గరికొచ్చాను.

మా దేశంలో చావుని గేటుకి అంటిస్తారు.
ఫొటో, పేరు, రెండు మంచి మాటలు.
నలభయ్యో రోజున, ఆర్నెల్లకి, ఏడాదికి,
ఆపైన ఏటేటా, ఎవరికైనా గుర్తున్నంత కాలం.
నా గేటు నిండా పెన్కాయే, ఒకదాని మీద ఒకటి.
పై కాగితాన్ని ఎండ తినేసింది,
తలగుడ్డ ఉంది, ముఖం లేదు.
తడిపి గీకడం మొదలెట్టాను.

ఏడేళ్లు.
ఆరు. ముక్కు కనిపించింది.
నాలుగు దగ్గర కళ్లొచ్చాయి,
అడక్కుండా గడప దాటినవాళ్లని చూసే చూపు.
ఏడాది. ఆర్నెల్లు.
నలభై రోజుల దగ్గర ఎంత తాజాగా ఉందంటే
చేతులు తుడుచుకుని పలకరించబోయాను.

దాని కింద చెక్క.
అక్కడ పెన్కా ఇంకా బతికే ఉంది,
పెరట్లో మిరపకాయలు కాలుస్తోంది.

నీలం రంగు వేసేశాను.

సాయంత్రం దోబ్రి తాత వచ్చాడు.
జామ్ డబ్బాలో పిండి జిగురు,
చంకలో కొత్త కాగితం, ఎనిమిదేళ్లు.
తడి రంగు ముందు ఆగిపోయాడు
ట్రాము తప్పిపోయిన మనిషిలా.
అలాంటివాళ్లని అద్దంలో చాలామందిని చూశాను,
ఒక్కరి కోసమూ ఆపలేదు.

"చుట్టమా?" అన్నాను.
"ఆవిడకెవరూ లేరు.
ఈ కంచె జానెడు ఇటు జరిగిందని
పంతొమ్మిదేళ్లు మాటల్లేవు. పెంకి మనిషి."
"ఎవరు?"
ఆయన జిగురు కలియబెట్టాడు, చాలాసేపు.

రంగు ఆరడానికి మూడు రోజులు పట్టింది.
నేను పై కొనలు పట్టుకున్నాను,
ఆయన చొక్కా చేత్తో అదిమాడు.
కాస్త వంకరగానే అంటుకుంది. వదిలేశాం.

కంచె కూడా ఉన్నచోటే ఉంది.
కప్పుకి ఇంకా రెండొందల పెంకులు కావాలి.