రాయని చప్పుడు

లియెపాయలో జనవరి రాత్రి.
డిపోలో ట్రాములు కడిగి వచ్చాక కూడా
నా చేతులు సబ్బు వాసనేస్తుంటాయి.
ఆ చేతులతోనే కంట్రోలరు అందుకుంటాను,
లైటు ఆర్పేస్తాను.
పక్క వాటా రస్మ, డెబ్బై రెండేళ్ల మనిషి,
అల్లిక సంచీ చంకన పెట్టుకుని వస్తుంది.
తలుపు తట్టదు. తట్టినా లాభం లేదు.
గుమ్మంలో మీట నొక్కితే
మా ఇంట్లో గంటకు బదులు దీపం మిణుకుతుంది.

పుట్టినప్పటి నుంచీ నాకు భయం
అక్షరాల్లోనే వచ్చింది.
తెర అడుగున, తెల్లగా, చదరపు బ్రాకెట్ల మధ్య:
[దూరంగా అడుగుల చప్పుడు]
[తలుపు కిర్రుమంది]
[ఎవరో ఊపిరి పీలుస్తున్నారు]
ఎవరో!
ఆ ఒక్క మాటకి నా వీపు మీద
చీమలు బారులు తీరతాయి.

నన్నడిగితే, దయ్యం కనిపించే ఆట చిన్నది.
దయ్యమవడానికి ముందు రోజు
ఆ మనిషి రాసుకున్న చీటీ దొరికే ఆట పెద్దది.
కిరాణా లెక్క, మధ్యలో ఆగిన ఉత్తరం,
సొరుగులో నాలుగు పాలపళ్ళు దాచిన అగ్గిపెట్టె.
వాటి కోసం ప్రతి గదీ వెతుకుతాను,
తరుముకొచ్చేవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి మరీ.
సంచిలో ఒక్క వస్తువుకే చోటుంటే
తాళంచెవి వదిలి ఉత్తరం తీసుకున్న వెధవని నేను.
డిపోలో ఐగార్స్ నవ్వుతాడు,
"నలభై దాటాయి, ఇంకా బొమ్మలాటలేనా?"
నెమ్మదిగా, పెదాలు నాకందేలా.
వాడికి చెప్పను,
ఆట దాచుకునే గదిలో వెలిగే ఆ పసుపు దీపం దగ్గర
ఊపిరి తీసుకున్నంత నిశ్చింతగా
నేను ఏ చర్చిలోనూ కూర్చోలేదని.

ఈ శీతాకాలం మాది దీపస్తంభం ఆట.
తండ్రిని వెతుక్కుంటూ వచ్చిన పిల్ల. ఒక లాంతరు.
మెట్ల మీద తడి పాదాల ముద్రలు,
అన్నీ పైకి పోయేవే.
రస్మ తెర వైపు చూడదు. అల్లుతుంది.
నేను తెరనీ చూస్తాను, ఆమె సూదుల్నీ.
సూదులు వేగం పెంచితే సంగీతం మారిందన్నమాట.
కళ్ళజోడు పైకి తోసిందంటే ఉరుము.
ఆమె మొహమే నా స్పీకరు.

మొన్న, నేలమాళిగలో,
సూదులు ఆగిపోయాయి.
తెర అడుగున ఏమీ లేదు.
నల్లని నీళ్ళు, గోడ, గోడకొక మేకు.
ఏంటి? చేత్తో అడిగాను.
జవాబివ్వక వింటూనే ఉంది.
ఒళ్ళోంచి ఊలు ఉండ జారి
సోఫా కిందికి దొర్లిపోయింది.
చాలాసేపటికి, ఒక రసీదు వెనక రాసింది:
"గోడ అవతల ఎవరో మగమనిషి
కూనిరాగం తీస్తున్నాడు. శ్రుతి లేదు.
పిల్లని నిద్రపుచ్చడానికి తీసే రకం."

ఆ గదిలోంచి పదకొండుసార్లు పరుగెత్తాను నేను!
పదకొండుసార్లూ తండ్రి అక్కడే ఉన్నాడు,
వాళ్ళు రాయడం మరిచారు.
(లేదా రాయకూడదనుకున్నారు.
రస్మ ఆ మాట ఒప్పుకోదు.)
కోపమొచ్చింది. వెనకే, దాచడమెందుకు,
చంకలు కొట్టుకునేంత సంబరమొచ్చింది:
ఆట ఇంకా అయిపోలేదు.

మళ్ళీ మొదలెట్టాం, మొదటి మెట్టు నుంచి.
ఈసారి ఆమె ఒళ్ళో గళ్ళ నోటుబుక్కు.
వినిపించిందల్లా రాసి చూపిస్తుంది,
తన తప్పులతో, తన అభిప్రాయాలతో:
[గాలి. మన రేవు గాలి ముందు ఇదో లెక్క కాదు]
[కప్పీ. నూనె వేయాలి]
[పక్షి. ఏ పక్షని నన్నడక్కు]
[ఏదో. నాకు నచ్చలేదు. పరుగెత్తు]
పరుగెత్తాను.

రెండున్నరకి గోడ దగ్గరికి చేరాం.
మొదటిసారి అక్కడ ఆగి నిలబడ్డాను.
అరచేతుల్లో కంట్రోలరు సన్నగా అదిరింది,
ఆగింది, మళ్ళీ అదిరింది,
నిద్రపోని పిల్లని జోకొట్టే చెయ్యిలా.
రస్మ పెన్సిలు ఎత్తింది.
వద్దన్నాను.
కంట్రోలరు ఆమె చేతుల్లో పెట్టాను.