నాలుగు కాళ్ళ మీద

రాత్రి రెండున్నరకి బోను తలుపు పడ్డ చప్పుడు
ఫోన్లో మోగింది.
తెల్లారి వెళ్ళి చూస్తే లోపల పదకొండు.
చుట్టూ వేరుశనగ చేను
తాగినవాడెవడో దున్నినట్టుంది.

మేనల్లుడు మైలో తుపాకీ భుజానికెత్తాడు.
"దించరా. కాలిస్తే కూర,
కాల్చకపోతే డబ్బు."
వాడికర్థం కాలేదు.
మొదటి ఏడాది నాకూ కాలేదు.

నా చేలో నేను కాల్చిన అడవిపందిని
నేను వండుకోవచ్చు.
ఏటి అవతలి మిసెస్ హ్రుస్కాకి ఓ తొడ పంపొచ్చు.
ఒక్క పౌను అమ్మానా, దొంగని.
అమ్మాలంటే అది ఊపిరితో ప్రయాణం చెయ్యాలి,
కబేళా గుమ్మంలో డాక్టరు ముందు
తన నాలుగు కాళ్ళ మీద తాను నిలబడాలి,
ఆరోగ్యంగా ఉందనిపించుకోవాలి,
అప్పుడు చావాలి.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు గానీ
టెక్సాస్‌లో చచ్చిన పంది కళ్ళకి
చిల్లిగవ్వ రాదు.

ఎక్కించడానికి గంట పట్టింది.
చివరగా ఎక్కింది
చెవి చిరిగిన ముసలి ఆడపంది,
తనే ట్రైలర్ కొన్నట్టు.

నలభై మైళ్ళు. ఆగస్టు.
లియోన్ నది దాటాక రైలు గేటు పడింది.
గూడ్సు బండి. నూనె ట్యాంకులు.
తొంభై దాకా లెక్కపెట్టి మానేశాను.
ఇనుప రేకు వాసన, ఉచ్చ వాసన,
ఇంజన్ ఆపితే వినపడే పదకొండు రొప్పులు.
తర్వాత పది.

"మామా, చెవిది పడుకుంది."

నూట ఎనభై పౌన్లు, పౌను నలభై సెంట్లు.
డెబ్బై రెండు డాలర్లు
నాలిక బయటపెట్టి పడుకున్నాయి.

పందికి చెమట పట్టదు.
దానికి బురదే చెమట.
ఐసు పెట్టెలో కరిగిన నీళ్ళు పోశాను.
మేం తాగే క్యాను పోశాను.
మైలో చేతిలో సీసా లాక్కుని
కడ్డీల సందులోంచి మెడ మీద, పొట్ట మీద,
చెవుల వెనక,
నిదానంగా, వృథా కాకుండా పోశాను.

అప్పుడు చూశాను చెవిని దగ్గరగా.
చీలిక పాతది, అంచులు మాని నున్నబడ్డాయి.
రెండేళ్ళ కిందట, మార్చిలో,
గుంపుకి ముందు నడిచిన నీడ మీద
ఒక తూటా వదిలాను. తప్పిందనుకున్నాను.

"లే తల్లీ," అన్నాను.

మైలో నా మొహం చూశాడు.
నేను ట్యాంకుల వంక చూశాను.

"ఇక్కడే దింపేద్దామా? నీడుంది."
పట్టాల పక్కన మెస్కీట్ పొదలు,
వాటి వెనక వాగు,
వాగు వెనక ఎవరిదో జొన్న.
నా చెయ్యి గొళ్ళెం మీదే ఉంది, అబద్ధమెందుకు.
దారిలో వదలకూడదు. రూలు.
దాని కడుపులో ఎన్నున్నాయో,
వాటి కడుపుల్లో ఎన్ని చేలున్నాయో.
చెయ్యి తీశాను.

చివరి ట్యాంకు పోయాక గాలి కదిలింది.
వెనక ముందు ఒక కాలు చప్పుడు,
చాలాసేపటికి ఇంకోటి.

కబేళాలో క్లర్కు లొరేటా పుస్తకం తెరిచింది.
ఎవరి భూమి? ఎన్ని?
దారిలో ఏవైనా వదిలారా?
"లేదు" అన్నది మైలో. నేను కాదు.

డాక్టర్ ఒఫీలియా సాన్‌దోవాల్
ఒక్కోదాన్నీ ఆ కంచెనుంచి ఈ కంచెకి నడిపించింది.
కుంటుతున్నాయా, దగ్గుతున్నాయా,
కళ్ళెలా ఉన్నాయి.
చెవిది ఆఖర్న వచ్చింది.
మధ్యలో ఆగింది.
నేను తలుపు చువ్వ పట్టుకున్నాను.
అది ఒళ్ళంతా ఒక్కసారి దులుపుకుని
మా నీళ్ళు డాక్టరమ్మ కోటు మీద చిమ్మి
నడిచింది.

"బాగుంది," అని రాసుకుంది డాక్టరమ్మ.

తిరుగుదారిలో మైలోకి దాహం.
సీసాలో ఏమీ లేదు, క్యానులోనూ లేదు.
ఇంటిదాకా ఆగరా, అన్నాను.
చొక్కా జేబులో చెక్కు తడిసి
ఛాతీకి అతుక్కుంది.
వెనకాల ఖాళీ ట్రైలర్
ప్రతి గుంతకీ ఎగిరెగిరి పడుతూ వచ్చింది.