నూనె వెయ్యని మడతబందు

కుతాయిసి ఆసుపత్రిలో వడ్రంగిని.
వడ్రంగి అనేది మాటవరసకే,
కారే కుళాయి, ఊడిన తలుపు, మాడిన దీపం
అన్నీ నా ఖాతాలోవే.

డిసెంబరులో ఒక సోమవారం
మందుల గది లామ్‌జీరా పిలిచి
చిన్న బీరువా చేసిపెట్టమంది.
జానెడు లోతు, మూరెడు ఎత్తు, రెండు తాళాలు.
తలుపు మాత్రం ఎర్రగా ఉండాలట,
ఎవరో ఎదురుగా నిలబడి తిట్టినంత ఎర్రగా.

"ఉన్న అరలు చాలవా?" అన్నాను.
ఆమె జవాబివ్వలేదు.
నా అరచేతిలో రెండు గాజు బుడ్లు పెట్టింది.
"ఇందులో నీళ్ళేవో చెప్పు."

కళ్ళజోడు తుడుచుకున్నాను.
కిటికీ దగ్గరికి వెళ్ళాను.
ఒకటే మెడ, ఒకటే నడుము, ఒకటే నీలి గీత,
చీమ తలకాయంత అక్షరాలు.
కవలల్ని కన్నతల్లి కూడా
నిద్రమత్తులో ఒకడికే రెండుసార్లు పాలిస్తుంది.

నేను చూపించింది పొటాషియం.
పలచన చెయ్యకుండా నరంలోకి వెళితే
గుండె అక్కడే ఆగిపోతుందట.

పట్టపగలు, కాఫీ తాగి, తొందరేమీ లేకుండా
నేను తప్పాను.
త్సియాలా తప్పింది రాత్రి మూడింటికి,
వరసగా మూడో రాత్రి,
పద్దెనిమిది మంచాలకు ఒక్కతే ఉండి.

పోయినవాడు జుంబేర్, వ్యాను డ్రైవరు.
అతని కోటు జేబులో గుప్పెడు హేజల్ గింజలు
పది రోజులు స్టోరులోనే ఉన్నాయి,
ఎవరికివ్వాలో తెలియక.

శుక్రవారం అందర్నీ కూర్చోబెట్టారు.
పెద్ద డాక్టరు పెన్ను మూత తీశాడు,
త్సియాలా పేరు కొట్టేయడానికి.
ఒక్క గీతతో అయిపోయే పని.
లామ్‌జీరా లేచి బోర్డు మీద "ఎవరు" అని రాసింది.
అరచేత్తో తుడిపేసింది.
"ఎలా" అని రాసి కూర్చుంది.

చాలాసేపు ఎవరూ కదల్లేదు.
పాత కంపెనీ సరుకు ఆగిపోతే
చవగ్గా దొరికింది కొన్నామన్నాడు గుమస్తా.
చోటు కలిసొస్తుందని రెండూ ఒకే అరలో సర్దింది
తనేనంది ఒక కుర్ర నర్సు.
నా చెయ్యీ ఒకసారి ఆ బుడ్డి దాకా వెళ్ళింది,
అంది ముసలి నర్సు మానానా,
ఆగింది కదా అని ఎవరికీ చెప్పలేదు.

నేను గోడకానుకుని ఉన్నాను.
నా చొక్కా జేబులో ఒక చీటీ:
"మూడో వార్డు. మందుల బల్ల పైన ట్యూబులైటు
టపటపా కొట్టుకుంటోంది."
అక్టోబరు నాటిది.
త్సియాలా చేతిరాతే.

చెక్కకైతే చిత్రిక పట్టొచ్చు.
బిగుసుకుపోయిన నాలుకని ఏం చెయ్యను?
చీటీ తీసి బల్లమీద పెట్టాను.
ఎవరూ తిట్టలేదు.
తిడితే బాగుండుననిపించింది.

ఆ రాత్రే లైటు మార్చాను.
రెండు నిమిషాల పని,
రెండు నెలలు జేబులో మోసింది.

బీరువా అక్రోటు చెక్కతో చేశాను.
మూడు పూతలు ఎరుపు.
తలుపు బిగించి తెరిస్తే కిర్రుమంది.
అలవాటుగా నూనె డబ్బా అందుకున్నాను.
మళ్ళీ కింద పెట్టేశాను.
అరవనీ.
నిద్రలో నడిచే చేతిని
గుమ్మం దగ్గర ఒక్కసారి పేరుపెట్టి పిలవనీ.

మార్చిలో త్సియాలా తిరిగొచ్చింది, కొంచెం చిక్కి.
పక్క గదిలో కిటికీ బాగుచేస్తూ విన్నాను.
కిర్రు.
తర్వాత ఆమె గొంతు, బుడ్డి మీద పేరు పైకి చదువుతూ.
ఆ తర్వాత ఇంకొకరి గొంతు, అదే పేరు.
మధ్యలో ఊపిరంత ఖాళీ.

నిన్న కొత్త డాక్టరెవరో చీటీ పంపాడు:
"ఎర్ర బీరువా తలుపు మోత పెడుతోంది. వెంటనే చూడగలరు."

ఇప్పుడు నా గదిలో
ఏ చీటీ పొద్దుగూకేదాకా ఉండదు.
ఆ ఒక్కటి మాత్రం
మేకుకి వేలాడుతూ ఉంది.