అరవై రెండో ప్రశ్న తర్వాత

ఫిరంగిపురం నుంచి రేపూడి దాకా
నలభై మూడు మిరప చేలు.
ఒకటే విత్తనం, ఒకటే రేగడి,
తడిస్తే అందరినీ ఒకేసారి తడిపిన వాన.
మీరావలికి ఎకరానికి ఇరవై నాలుగు క్వింటాళ్లు,
గట్టు ఇవతల వీరరాఘవులికి తొమ్మిది.
ఎందుకో కనుక్కు రమ్మని
నా చేతికో ట్యాబు, అరవై రెండు ప్రశ్నలు ఇచ్చి పంపారు.

నారు ఎప్పుడు పోశారు?
"మా పెద్దదానికి పురుడొచ్చిన వారం."
తేదీ కావాలి బాబాయ్.
"ఉండు, దాన్నే అడుగుతా" అని ఫోను తీశాడు.
పసివాడి ఏడుపు వినబడింది ముందు,
తేదీ తర్వాత.

పిండి ఎన్ని కట్టలేశారు?
ఆదాం అటూ ఇటూ చూసి నాలుగన్నాడు.
పాక వెనక ఖాళీ సంచులు పదకొండు.
నాలుగనే నొక్కాను.

మందు ఎన్నిసార్లు కొట్టారు?
వీరరాఘవులు వేళ్లు ముడిచి, విప్పి, మళ్లీ ముడిచాడు.
"కొట్టాయన ఇచ్చిందల్లా కొట్టా.
అప్పూ అక్కడే, మందూ అక్కడే.
వద్దంటే వచ్చే ఏడు విత్తనం పుడుద్దా?"
దీనికి గడి లేదు.
'ఇతర వివరాలు' అని చివర్న ఒకటుంది,
అందులో ఇరవై అక్షరాలు పడతాయి.

పెంట తోలించారా?
"కౌలు చేనమ్మా. ఈ ఏడు తోలితే
దాని బలం మూడేళ్లుంటది.
నేనుంటానా మూడేళ్లు?"
లేదు, అని నొక్కాను.

రాత్రి అరండల్‌పేట గదిలో
చేలన్నీ చుక్కలయ్యాయి.
కొన్ని పచ్చ, కొన్ని ఎరుపు.
పక్కపక్కనే ఉన్న రెండు చుక్కలు
ఒకదాన్నొకటి ఎరగనట్టు కూర్చున్నాయి.

చివరి కోత రోజున
సాలు మధ్యలోంచి లేచి నిలబడింది దీనమ్మ.
"అందర్నీ అడుగుతున్నావు, మమ్మల్నడగవే?"
మీ చేను ఎక్కడమ్మా?
"నాకు చేనెక్కడిది?
కోతకి మాత్రం అన్నీ నావే."

ఆమె చెబుతుంటే నేను ట్యాబు మూసేశాను.

మీరావలి చేలో వంగితే
మట్టి మడమకి మెత్తగా అంటుద్దట,
రాఘవులు చేలో గుచ్చుకుంటదట.
మీరావలి పెళ్లాం గౌసియా తెల్లారకముందే తిరిగి
ఆకు ముడుచుకున్న మొక్కనల్లా పీకి
ఒళ్లో కట్టుకుపోయి తగలేస్తదట.
గట్టు మీద పారెయ్యదట.
రాఘవులు గుంటూర్లో ఆటో తోలతాడు,
చేనుకొచ్చేది ఆదివారం.
"పురుగుకేమో వారమంతా ఆదివారమే."

కాయ తొడిమ విరిచిన చప్పుడుతోనే
ఏ చేలో తాలు ఎంతో చెప్పగలదామె.
"ఇంకోటి రాసుకో.
ఈయన మందు కొట్టిన రోజు
పురుగు ఆయన చేలోకి పోద్ది.
ఆయన కొట్టిన రోజు ఈయన చేలోకొస్తది.
ఇరవై ఏళ్ల నుంచీ కోస్తన్నా,
ఇద్దరూ కూడబలుక్కుని
ఒక్క పొద్దున కొట్టగా చూళ్లేదు."

నా దగ్గర నలభై మూడు చేలున్నాయి.
గట్లు లేవు.
గట్టు గురించి ఒక్క ప్రశ్న లేదు.

వేళ్ల మంటకి ఆమె
చేతులు మజ్జిగ చెంబులో ముంచుకుంది.
"ఇదంతా ఎవరికి చెప్తావు?"
లాం ఫారంలో సార్లకి అన్నాను.
"చెప్పు. వాళ్లు రాఘవులికి చెప్పాలంటే మాత్రం
ఆదివారం రమ్మను."

ఆటో కోసం రోడ్డు మీద నిలబడి
నలభై నాలుగో ఫారం తెరిచాను.
రైతు పేరు:
దీనమ్మ అని కొట్టాను.
విస్తీర్ణం:
సున్నాని ఒప్పుకోలేదు ట్యాబు,
ఎర్రగా మెరిసి వెనక్కి నెట్టింది.
అక్కడే గట్టు మీద చతికిలబడి
నలభై మూడు చేల ఎకరాలూ కూడాను.
నూట పదిహేడుంబావు.

తీసుకుంది.